శబ్దమిశ్రణమున వికృతి : దోషమా, గుణమా?

తెలుగు వాచకము చేతబట్టిన బాలుడు నేర్చు వ్యాకరణాంశములలో ప్రకృతి వికృతు లొకటి. అగ్ని ప్రకృతి, అగ్గి వికృతి. విద్య ప్రకృతి, విద్దె వికృతి. ఆశ్చర్యము అచ్చెరువైనది, విష్ణువు వెన్నుడైనాడు, శ్రీ సిరియైనది. ఈ వికృతులను తప్పుమాటలని యే పండితుడును త్రోసివేయలేదు. పైగా ఇవి లేనిచో తెలుగు కవిత్వమునకు సగము సొంపు తగ్గును. సంగీతమునందును ఇట్టిదే స్థితి. షడ్జ పంచమములు ప్రకృతి స్వరములు. తక్కిన యైదును వికృతి భేదములను పొందునవి. ఆ భేదములే లేనిచో రాగములు లేవు. కావున వికృతి యనగా కేవలము చెడిపోవుట యని తెలుగువాడు తలపరాదు. ఒక నియమము ననుసరించి రూపము మాఱుట వికృతి. నియమము తప్పి నశించుట వేఱు.

నేటి పాట కంప్యూటరునందు కూర్పబడుచున్నది. గాత్రము, వాద్యములు వేర్వేఱుగా రికార్డు చేయబడి, పిదప ఒకచోట తగుపాళ్లలో కలుపబడును. దీనినే మిక్సింగు అందురు. ఈ వ్యాసమున శబ్దమిశ్రణమని వ్యవహరించెదను. ఆ మిశ్రణమును చేయువారు ఒకొక్కప్పుడు బుద్ధిపూర్వకముగా శబ్దమును విఱుతురు, గఱుకు చేయుదురు, తునియలు చేయుదురు. దానిని డిస్టార్షన్ అందురు. శబ్దవికృతి యని మనము చెప్పుకొందము. ఇది కళయా, ఆకతాయితనమా? దీనిని మెచ్చుటకుగాని గర్హించుటకుగాని మనకొక కొలబద్ద కలదా? హోసూరు ప్రాంతమున తెలుగు బోధించు ఉపాధ్యాయుడు ఈ విషయమున నోరు విప్పుటకు కారణమేమని విజ్ఞులడుగవచ్చును. కారణము చిన్నది, కాని నాకు బరువైనది.

నా పూర్వవిద్యార్థి యొకడు హోసూరు పారిశ్రామికవాడలో పగలు పనిచేయుచు, రాత్రులందు కంప్యూటరుతో పాటలు కూర్చుచుండును. బాగలూరు దారిలో నున్న యొక పల్లెలో అతని అవ్వ కలదు. రాగులు విసరునప్పుడు పాడుకొను పాటలు ఆమెకు చాల వచ్చును. అతడొక పాటను చేతిఫోనులో పట్టి, దానికి మద్దెలలును తీగవాద్యములును చేర్చి, మొత్తమును శబ్దవికృతికి లోనుచేసి మాకు వినిపించెను. విన్న పెద్దలు మైకు చెడినదనిరి. నేనును అట్లే తలచి, “ఏమిరా యిది?” అంటిని. అతడు, “అయ్యవారూ, అవ్వ ఉత్తినే కుర్చీలో కూచుని పాడితే పాటలో ఏదో తక్కువగా ఉండాది. ఇసుర్రాయి లేదు గదా!” అనెను. ఆ మాట నన్ను చాలదినములు విడువలేదు. దానిని విచారింపబోయి నేను తెలిసికొన్న విషయములే ఈ వ్యాసమునకు మూలము.

ముందుగా చరిత్ర. శబ్దవికృతి కంప్యూటరుతో పుట్టినది కాదు. అమెరికాలో లింక్ రే యను గిటారు వాద్యకారుడు 1958లో వెలువడిన ‘రంబుల్’ అను వాద్యగీతమునకై తన ధ్వనివర్ధకపు స్పీకరు కాగితమునకు చిల్లులు పొడిచెనని ప్రసిద్ధి. 1961లో వచ్చిన మార్టీ రాబిన్స్ పాట ‘డోంట్ వఱీ’లో గ్రేడీ మార్టిన్ వాయించిన బేసు గిటారు భాగము, మిశ్రణయంత్రములోని యొక దారి చెడియుండుటచే, తుమ్మెదవలె రొదచేయుచు నచ్చుపడెను. దానిని తీసివేయక అట్లే యుంచిరి, జనులు మెచ్చిరి. మఱుసటియేడు 1962లో ఆ రొదను కావలసినప్పుడు పుట్టించు ఫజ్‌టోన్ అను పెట్టె అంగడికి వచ్చెను. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందమువారి ‘శాటిస్‌ఫాక్షన్’ పాటతో అది లోకమంతట మ్రోగెను. అనగా యంత్రదోషము నాలుగైదేండ్లలో యంత్రగుణమై యమ్ముడుపోయినది. నాడు వాడినది విద్యుత్పరికరముల వికృతి. నేడు వాడునది అంకెలలోని వికృతి. ఈ రెంటికి భేదము తెలిసిన గాని విమర్శ సాగదు.

శబ్దము గాలిలోని కదలిక. మైక్రోఫోను దానిని విద్యుత్తుగా మార్చును. కంప్యూటరు ఆ విద్యుత్తును క్షణక్షణము కొలిచి అంకెలుగా వ్రాసికొనును. 1982లో వెలువడిన కాంపాక్టు డిస్కునందు సెకండునకు 44,100 కొలతలు. ప్రతి కొలతకును 16 బిట్లు, అనగా 65,536 మెట్లు. ఈ మెట్లకు పైకొస కలదు. ఆ పైకొసను దాటిన శబ్దమునకు చోటులేదు. తరంగపు శిఖరము కొడవలితో కోసినట్లు చదునగును. ఇదియే క్లిప్పింగు. ఇట్లు కోయబడిన తరంగమునందు మూలమున లేని క్రొత్త యుపస్వరములు పుట్టును. తరంగమును క్రిందను పైనను సమముగా కోసినచో బేసి సంఖ్యల యుపస్వరములు, అసమముగా కోసినచో సరి సంఖ్యలవి కూడ కలుగును. షడ్జము సెకండునకు 200 కంపనములనుకొందము. దాని మూడవ యుపస్వరము 600. అది తారస్థాయి పంచమము. అయిదవది 1,000, అది అంతకుపైని అంతరగాంధారము. కోత వలన పుట్టిన బిడ్డలైనను ఇవి శ్రుతికి చుట్టములే.

ఈ మాట చదివినప్పుడు తంబుర మీటిన వారికి ఒక విషయము స్ఫురింపక మానదు. తంబుర గుఱ్ఱముమీద తీగక్రింద ఒక సన్నని దారపుపోగును జరిపి, సరియైన చోట నిలిపినప్పుడు, తీగ జుమ్మని జీవము పోసికొనును. పోగు తీసివేసినచో తీగ మూగవోవును. ఆ జుమ్మను నాదములో, ఎవరును మీటని అంతరగాంధారము తనంత తాను వినబడును. బాల్యవిద్య విశాఖపట్టణమున నభ్యసించిన చంద్రశేఖర వేంకట రామన్, 1921లో భారతీయ తంత్రీవాద్యములపై వ్రాసిన పత్రమున ఈ విశేషమును పరిశీలించెను. తీగను ఏ బిందువునొద్ద మీటుదుమో ఆ బిందువున నిశ్చలముగా నుండు ఉపస్వరములు పుట్టరాదని పాశ్చాత్య శాస్త్రనియమము. తంబురలో నవి పుట్టుచున్నవి. తీగ వంపుగల గుఱ్ఱమును తాకి విడుచుచుండుటయే కారణము. తాకుట యనగా తీగ స్వేచ్ఛాగమనమునకు అడ్డు. ఆ యడ్డే నాదమునకు కాంతి. మృదంగపు చర్మముల నడుమ గడ్డిపోచలుంచి మ్రోతకు గఱుకుదన మిచ్చుటయు నిట్టిదే. కావున శబ్దవికృతి మనకు పరాయిది కాదు. మన పూర్వులు దానికి పోగంత కొలత నేర్పరచుకొనిరి. కొలతయే ఇక్కడి విద్య.

ఒకే స్వరము వికృతి పొందినప్పటి సంగతి యిది. రెండు స్వరములు కలిసి యొకే వికృతికి లోనైనచో, వాని మొత్తములును భేదములును క్రొత్త స్వరములై పుట్టును. 200 కంపనముల షడ్జమును, 300 కంపనముల పంచమమును కలిపి వికృతపఱచినచో, భేదమైన 100 కంపనముల మంద్రషడ్జము క్రింద మ్రోగును. నాదము బలిసి నిలుచును. వికృతి హెచ్చుగా వాడు గిటారు వాద్యకారులు షడ్జ పంచమములనే జంటగా పట్టుటకు ఇదియే హేతువు. మన తంబురకు షడ్జ పంచమములనే శ్రుతిచేయుట ఈ సందర్భమున గుర్తుకు వచ్చును. శ్రుతి చక్కగా కుదురని జంటలను, లేదా నాలుగైదు వాద్యములను కలిపి ఒకే వికృతిగుండా పంపినచో, పుట్టిన స్వరములు ఒకదానితో నొకటి కలహించి బురదయగును. నా విద్యార్థి తొలి కూర్పున జరిగినది ఇదియే. అవ్వ గొంతు, మద్దెల, తీగవాద్యము మూటిని ఒకే జల్లెడలో పోసెను.

ఇక కంప్యూటరునకే ప్రత్యేకమైన వికృతులు రెండు. మొదటిది మెట్లను తగ్గించుట. 65,536 మెట్లకు బదులు 256 మెట్లు, లేదా 16 మెట్లు మాత్రమే యుంచినచో, నున్నని తరంగము గుడిమెట్లవలె గంట్లుపడును. గట్టిశబ్దము కొంత నిలద్రొక్కుకొనును. కాని స్వరము సన్నగిల్లు చివర యిసుక రాలినట్లు గరగర వినబడును. రెండవది సెకండునకు కొలతల సంఖ్యను తగ్గించుట. సెకండునకు 10,000 కొలతలే యున్నచో 5,000 కంపనములకు మించిన స్వరమును యంత్రము గ్రహింపలేదు. అది ఊరకుండక, 6,000 కంపనముల స్వరమును 4,000గాను, 7,000 కంపనముల స్వరమును 3,000గాను పొరపడి వినిపించును. స్వరము పైకెక్కుచుండగా దాని నీడ క్రిందికి దిగును. సినిమాలో రథచక్రము వెనుకకు తిరుగుచున్నట్లు కనబడుట యెట్టిదో ఇదియు నట్టిదే. 1987లో వచ్చిన ఎస్‌పీ-1200 అను అమెరికా యంత్రమున 12 బిట్లు, సెకండునకు సుమారు 26,000 కొలతలు మాత్రమే యుండెను. ఆ కొఱతలోని గఱుకుదనమునే హిప్‌హాప్ సంగీతకారులు మెచ్చి వాడుకొనిరి.

మొదట చెప్పిన ప్రకృతి వికృతుల నియమమును ఇచ్చట తలచుకొనవలెను. క్లిప్పింగువలన పుట్టు ఉపస్వరములు మూలస్వరమునకు లెక్కప్రకారము కట్టుబడియుండును, అగ్నికి అగ్గివలె. కొలతల కొఱతవలన పుట్టు నీడస్వరములకు సాధారణముగా శ్రుతితో సంబంధముండదు. అంకెలలో చేయు క్లిప్పింగునందును, ఉపస్వరములు హద్దుమీఱినచో, ఈ నీడలే చేరును. కావున ఎఱిగినవారు వికృతి చేయుటకు ముందు కొలతల సంఖ్యను కొన్నిరెట్లు పెంచి, పని ముగిసిన పిదప తగ్గింతురు. అంతమాత్రమున నీడస్వరములు సర్వత్ర త్యాజ్యములని చెప్పరాదు. తాళవాద్యమునకు శ్రుతిబంధము తక్కువ. అచ్చట అవి లోహపు మెఱుగు నీయగలవు. రాగభావమును మోయు గాత్రమునందు మాత్రము ఇవి అపస్వరములే.

మన అలంకారశాస్త్రమున దీనికి చక్కని యాధారము కలదు. శ్రుతికటువు, అనగా చెవికి గఱుకైన వర్ణముల కూర్పు, కావ్యదోషములలో నొకటి. అయినను అది అనిత్యదోషమనియు, శృంగారమున త్యాజ్యమైనను రౌద్రాదులందు దోషము కాదనియు తొమ్మిదవ శతాబ్దిలోనే ఆనందవర్ధనుడు నిర్ణయించెను. పిమ్మటి యాలంకారికులు ఆ మార్గమునే త్రొక్కిరి. మఱియొకవంక, సంగీతరత్నాకరమున శార్ఙ్గదేవుడు గాయకదోషములు ఇరువదియైదింటిని లెక్కించెను. కాకివంటి గొంతు, వడకు, ముక్కుతో పాడుట, అక్షరములు స్పష్టముగా తెలియకుండుట మున్నగునవి వానిలోనివి. ఈ రెండు శాస్త్రములను కలిపి చూచినచో మనకు కావలసిన కొలబద్ద లభించును. గఱుకుదనము రసమునకు తోడ్పడునా యను ప్రశ్నకు సందర్భమునుబట్టి సమాధానముండును. అక్షరము చెడినదా యను ప్రశ్నకు పాటవిషయమున సందర్భముతో పని తక్కువ. మొదటిది అనిత్యదోషము, రెండవది ఇంచుమించు నిత్యదోషము.

దీనికి నేటి సినిమాపాటనుండి యొక యుదాహరణము. 2021లో విడుదలయైన ‘పుష్ప’ చిత్రమునందలి ‘ఊ అంటావా’ పాటను దేవిశ్రీప్రసాద్ స్వరపఱచగా తెలుగున ఇంద్రావతి చౌహాన్, తమిళమున ఆండ్రియా జెరెమియా, కన్నడమున మంగ్లీ పాడిరి. మూడు భాషల నడుమ నివసించు హోసూరువారికి ఆ మూడు పాటలును ఇంటిమీదుగా పోయినవే. తెలుగుపాటయందలి గొంతులో సహజమైన జీర కలదు. శాస్త్రము ప్రకారము జీర గాత్రమునకు గుణము కాదు. కాని వెక్కిరింతయు సవాలును కలిసిన ఆ సాహిత్యమునకు నున్నని గొంతు తగదు. ఆ జీరలోను ప్రతి మాటయు విడివిడిగా తెలియును. ఇది అనిత్యదోషము గుణమగుటకు నిదర్శనము. దీనికి విరుద్ధమైనది స్వరమును సరిదిద్దు ఆటోట్యూన్ పరికరముయొక్క అతివినియోగము. చమురు నిక్షేపములను శబ్దతరంగములతో వెదకు విద్యలో పనిచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ 1997లో దానిని వెలువరించెను. 1998లో షెర్ పాడిన ‘బిలీవ్’ పాటయందు దానిని కావలెననియే అతిగా వాడి, గొంతును యంత్రమువలె పలికించిరి. అది యొక పాటకు అందమైనది. అదియే మన పల్లెపాటలకు తగిలించినచో, స్వరమునుండి స్వరమునకు జాఱు గమకములు మెట్లుగా విఱిగిపోవును. శుద్ధి పేరిట జరిగిన యీ పని వికృతికంటె హెచ్చు వికృతము.

తెలుగుపాటకే చెందిన మఱియొక సూక్ష్మము కలదు. గడి వేఱు, గడ్డి వేఱు. పుట వేఱు, పుట్ట వేఱు. ద్విత్వాక్షరము పలుకునప్పుడు నోరు క్షణకాలము మూతపడి, శబ్దము ఆగి, పిదప విడుదలయగును. ఆ యాగుటయే ద్విత్వమునకు ప్రాణము. వికృతి చేయుటకు శబ్దమును ముందు పెంతురు. పెంచి శిఖరములను కోసినప్పుడు, గట్టిశబ్దము ఉన్నచోటనే యుండి, మెల్లని శబ్దములు పైకి వచ్చును. ఊపిరి, గదిలోని ప్రతిధ్వని, ప్రక్కవాద్యపు రొద వచ్చి ఆ చిన్న మౌనమును పూడ్చివేయును. గడ్డి గడియగును, పుట్ట పుటయగును. హల్లులలో అనేకమునకు గుర్తుపట్టు లక్షణములు 2,000 కంపనములకు పైని యుండును; వికృతి పుట్టించు క్రొత్త యుపస్వరములును ఆ తావుననే వచ్చి క్రమ్మును. కావున అన్యభాషల పాటలకు చెల్లిన మోతాదు తెలుగునకు చెల్లునని నమ్మరాదు.

ఇక ఆ రెండు కూర్పుల విమర్శ. తొలి కూర్పునందు ఊహ సత్యమైనది, నిర్వహణ తప్పు. విసుర్రాయి లేనిచో ఆ పాట సగమే యనుట సత్యము. పాటనడక రాతి తిరుగుడునుండి పుట్టినది. రాయి తిరిగివచ్చు చోటనే చరణము విఱుగును. కాని అతడు రాతిని గొంతులోనికి దింపెను. రాయి ప్రక్కన మ్రోగవలెను, పాడువారి నోట మ్రోగరాదు. ఈ మాట నేను చెప్పగా అతడు మఱల పల్లెకు పోయి, పాటను రెండవమాఱు పట్టి తెచ్చెను. రెండవ కూర్పున అవ్వ గొంతు మూలరూపముననే యుంచబడినది. తంబురశ్రుతికి నకలు తీసి, నకలునకు మాత్రము మెట్లు తగ్గించి, ఆ గరగరను పాటలయప్రకారము హెచ్చించి తగ్గించి, హెచ్చుకంపనములను వడగట్టి గొంతు క్రింద పఱచెను. కన్నులు మూసికొని వినినచో రాగిపిండి రాలుచున్నట్లుండును. అక్షర మొక్కటియు పోలేదు. రెంటిని సమానమైన గట్టిదనముతో వినవలెననియు, గట్టిగా మ్రోగినది మేలుగా తోచుట చెవియొక్క బలహీనత యనియు నాకు నేర్పినవాడు అతడే.

ఇంతవఱకు సంతోషమే. కాని యొక నష్టము మిగిలినది. ఫోనులో చోటు చాలదని అతడు మొదటి రికార్డింగు మూలమును తుడిచివేసియుండెను. రెండవమాఱు పాడినప్పుడు అవ్వకు రెండు చరణములు జ్ఞప్తికి రాలేదు. ఎంత యడిగినను రాలేదు. ఆ రెండు చరణములు తొలి కూర్పున, ఆ బురదలో మాత్రమే యున్నవి. నేను కాగితము ముందిడుకొని పదిమార్లకు పైగా వింటిని. మూడు మాటలు ఎంతకును తెలియలేదు. కోసిన శిఖరములు తిరిగిరావు; వికృతినుండి ప్రకృతికి దారిలేదు. అగ్గినుండి అగ్నిని ఊహింపగలము, ఎందుకనగా నియమము తెలియును గనుక. ఆ మూడు మాటలను ఊహించుటకు నాయొద్ద ఏ నియమమును లేదు.

విద్యార్థిని మందలింపబోయి నేను నన్నే చూచుకొంటిని. ఇరువది సంవత్సరములుగా పిల్లల వ్రాతపుస్తకములలో ‘యాడ’ యున్నచోట ‘ఎక్కడ’ యనియు, ‘ఉండాది’ యున్నచోట ‘ఉన్నది’ యనియు ఎఱ్ఱసిరాతో దిద్దినవాడను నేను. పరీక్షకు అది అవసరమే. కాని మూలమును ఎచ్చటను వ్రాసిపెట్టుకొనలేదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము పిమ్మట మా బడులలో తెలుగునకు మిగిలిన స్థానమెంతయో చదువరు లెఱుగుదురు. అట్టియెడ పిల్లలు ఇంటినుండి తెచ్చిన మాటలను శుద్ధి పేరిట తుడిచినవాడు, ఫోనులో చోటుకై పాటను తుడిచినవానికంటె ఏ విధమున మేలు?

కావున పాటలను కూర్చు యువకులకును, సేకరించు సంఘములకును నా మనవి యిది. మొదట మూలమును, ఏ మార్పును చేయక, రెండు చోట్ల భద్రపఱుపుడు. రికార్డు చేయునప్పుడు పైకొస తగులకుండ కొంత జాగా విడువుడు. ఆ తావున జరిగిన కోత కోరిన కోత కాదు. వికృతిని ఎల్లప్పుడు నకలుమీదనే చేసి, మూలముతో పాళ్లు చూచి కలుపుడు. గొంతును ముట్టుటకు ముందు మాటలను కాగితముమీద వ్రాయుడు. కూర్పు ముగిసిన పిదప ఆ మాటలెఱుగని వానికి వినిపించి వ్రాయింపుడు. రెండు కాగితములు సరిపోయినచో మీ వికృతి గుణము. లేనిచో ఎంత వింతగా మ్రోగినను దోషము.

ఆ రెండు చరణములలో తెలిసినంతవఱకు వ్రాసి, తెలియని మూడు మాటలచోట ఖాళీలుంచి నాయొద్ద దాచితిని. బాగలూరు, సూళగిరి, డెంకణికోట ప్రాంతముల యిండ్లలో ఇంకను రాతిపాటలు గుర్తున్న పెద్దలుందురు. ఈ వ్యాసము చదివినవారు తమ యింటి అవ్వలను ఒకమాఱు కూర్చుండబెట్టి పాడింపుడు. ఆ మూడు మాటలు ఎవరి నోటనైన దొరకవచ్చును.